పిలిచి పెట్టిన మేత

నా రిటైర్మెంటు సభలో మాట్లాడినవాళ్లంతా ఒకే పాట పాడారు. మేడమ్ గారు చండశాసనులు, రికార్డులో కొట్టివేత కనిపిస్తే పుస్తకం విసిరేవారు, అయినా ఎంతోమంది పిల్లల్ని దారిలో పెట్టారు అని. శాలువా సర్దుకుంటూ విన్నాను. పుస్తకాలు విసిరిన మాట నిజమే. దారిలో పెట్టడం దగ్గరకొచ్చేసరికి మాత్రం, ఒకసారి పిల్లలే నన్ను పెట్టారు. అది చెప్పడం మొదలుపెడితే భోజనాలు ఆలస్యమవుతాయని సభలో ఊరుకున్నాను. ల్యాబుల్లో కొత్తగా అడుగుపెడుతున్న మీకోసం, డిగ్రీ పిల్లల చేత పరిశోధన చేయించాలని సరదాపడుతున్న కుర్ర లెక్చరర్ల కోసం ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

తాడేపల్లిగూడెంలో మా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబు వెనక ఒక చిన్న గది ఉండేది. విరిగిన బల్లలు, ఒక చెయ్యి పోయిన అస్థిపంజరం, పాత పరీక్ష పేపర్లు. అవన్నీ ఖాళీ చేయించి, తలుపు మీద ‘న్యూరోసైన్స్ ల్యాబ్’ అని కాగితం అంటించాను. మెదడు, నరాలు ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం అది. పెద్ద ఊళ్లలో దానికి పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయి. మాకున్నవి రెండు గాజు తొట్లు, ఒక స్టాప్‌వాచీ, ఒక సింకు, సింకు పక్కన ఒక స్టూలు. మెదడంటే పుస్తకంలో బొమ్మ గీసి భాగాల పేర్లు రాయడం కాదని, బతికున్న ప్రాణి నేర్చుకుంటూ ఉంటే పిల్లలు కళ్లారా చూడాలని నా పంతం.

కొల్లేరు వైపు చేపల చెరువులకు కొదవేముంది? వేలెడంత శీలావతి చేపపిల్లల్ని తెప్పించి రెండు తొట్లలో వేశాం. చేయాల్సిన పని తేలికే. తొట్టికి ఒక చివర చిన్న బల్బు ఉంటుంది. దాన్ని వెలిగించి, పది లెక్కపెట్టి, ఆ చివరే మేత వేయాలి. రోజుకు మూడు పూటలు. కొన్నాళ్లకు, మేత ఇంకా పడకుండానే, బల్బు వెలగగానే చేపలు ఆ చివరకు వచ్చేస్తే వెలుగుకూ మేతకూ ముడి వాటి బుర్రలో పడిందన్నమాట. ఎన్నాళ్లకు పడుతుందన్నదే మా ప్రశ్న.

బల్బు పెట్టె చేసిచ్చింది మా ఫిజిక్స్ మాస్టారు. నాకంటే రెండేళ్లు పెద్ద, నన్ను ‘ప్రొఫెసరమ్మ గారూ’ అని ఆటపట్టించేవారు. మొదటి వారంలోనే ఆయన ఒక ముల్లు గుచ్చారు.

“ప్రొఫెసరమ్మ గారూ, స్విచ్చు టక్కుమంటోంది కదండీ. చేపలు వెలుగు చూసి వస్తున్నాయో, చప్పుడు విని వస్తున్నాయో మీకెలా తెలుస్తుందండీ?”

మంచి ప్రశ్న. ఆయన చేతే చప్పుడు లేని స్విచ్చు పెట్టించాను. ఇక చప్పుడు అన్న గొడవే లేదని గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. ఈ మాట మీరు బుర్రలో ఉంచుకోండి.

ఇద్దరు పిల్లల్ని ఎంచుకున్నాను, తొట్టికి ఒకరు. అమ్మాయిది కొల్లేరు ఒడ్డు ఊరు. వాళ్ల నాన్న ఎవరివో చేపల చెరువుల్లో మేత వేసే పనిలో ఉండేవాడు. చేపను అరచేతిలో పట్టుకుంటే అది కూడా బెదిరేది కాదు, అంత ఒడుపైన చెయ్యి. అబ్బాయిది పెంటపాడు వైపు, వరి పండించే ఇల్లు. నెమ్మది మనిషి. ఒక మాటకు జవాబు కావాలంటే మనం టీ తాగి రావచ్చు. ఏది కనిపిస్తే అది నోట్‌బుక్కులో ఎక్కించేవాడు. ఫ్యాను ఆగింది, నీళ్లు మసకగా ఉన్నాయి, కాకి కిటికీ మీద వాలింది, అన్నీ. వారానికోసారి ఆ పేజీల కింద నేను పొట్టి సంతకం పెట్టి, పక్కన ‘సరిచూశాను’ అని రాసేదాన్ని. సరిచూడలేదు. ఎవరికైనా అంత ఓపిక ఉంటుందా!

పన్నెండో రోజుకు అమ్మాయి తొట్టిలో అద్భుతం మొదలైంది. బల్బు వెలిగీ వెలగకముందే చేపలన్నీ గుంపుగా ఆ చివరకు వచ్చేసేవి. నేను స్టాప్‌వాచీ నొక్కేలోపే వచ్చేసేవి. అబ్బాయి తొట్టిలో చేపలు మాత్రం బల్బు వెలిగితే వెలిగిందన్నట్టు తిరుగుతుండేవి.

“మూడో పూట మేత ఎగ్గొడుతున్నావు కదూ?” అన్నాను ఒకరోజు అబ్బాయితో.

“లేదండి మేడమ్. మూడు పూటలా వేస్తన్నానండి. బుక్కులో టైము కూడా ఉందండి.”

“బుక్కులో ఏమైనా రాయొచ్చు. చేపలు అబద్ధం ఆడవు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత నాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది. అబ్బాయిని తొట్టి దగ్గర నుంచి తీసేసి, సింకు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి గాజు సామాను కడగమన్నాను. వాడి తొట్టి కూడా అమ్మాయికే అప్పగించాను. ఇంకేం, ఐదు రోజుల్లో ఆ చేపలూ దారిలోకొచ్చాయి. “చూశావా?” అన్నాను అబ్బాయితో. వాడు బీకరు కడుగుతూ తల ఊపాడు. నా అనుమానానికి రుజువు దొరికిందని నేను సంబరపడ్డాను.

మధ్యలో అమ్మాయికి జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. మా అటెండరు మేత వేశాడు. బల్బు వెలిగించినా చేపలు పెద్దగా కదల్లేదు. “పిల్ల లేదని చేపలు బెంగ పెట్టుకున్నాయండీ” అన్నారు ఫిజిక్స్ మాస్టారు. అందరం నవ్వాం. ఆ నవ్వులో జవాబు ఉంది, ఎవరం వినలేదు. కాదు, ఒకడు విన్నాడు.

నాలుగు రోజుల తర్వాత అబ్బాయి నోట్‌బుక్కు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు.

“మేడమ్, ఒక మాటండి. తను మేత వేసే ముందర చెంచాతో తొట్టి అంచు మీద రెండుసార్లు తడుతుందండి. తర్వాతే స్విచ్చు వేస్తుందండి. ప్రతి పూటా అంతేనండి. జ్వరం వచ్చిన మూడు రోజులూ అటెండరు గారు తట్టలేదండి.”

నా ఎదురుగా ఇంటర్నల్ పరీక్షల పేపర్ల కట్ట ఉంది. పైగా ఏలూరులో విద్యార్థుల పరిశోధన పోటీకి మా పేరు అప్పటికే పంపేశాను. అక్కడ మొదటి స్థానం వచ్చినవాళ్లకు వేసవిలో రెండు నెలలు హైదరాబాదులో ఒక పెద్ద మెదడు పరిశోధన ల్యాబులో శిక్షణ. అమ్మాయి ఆ రెండు నెలల మీదే ఆశలన్నీ పెట్టుకుంది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తను. వాళ్ల నాన్నకు అప్పుడే చెప్పేసింది కూడాను.

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడు. తోటి పిల్ల పైకొస్తుంటే ఓర్చుకోవడం నేర్చుకో” అన్నాను.

వాడు “అలాగేనండి” అని వెళ్లిపోయాడు. పోటీకి రాయిస్తున్న పోస్టరు మీద వాడి పేరు కూడా తీయించేశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను అన్న మాటల్లో వెనక్కి తీసుకోగలిగితే మొదట తీసుకునేది ఆ మాటే.

నిజానికి ఆ తట్టడం నేను చూడలేదా? వందసార్లు చూశాను. చెంచాకు అంటుకున్న తవుడు రాలడానికి తడుతోందనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా గొప్పే. అసలు అనుకోనే లేదు. కళ్లు తెరిచి ఉన్నంత మాత్రాన చూసినట్టు కాదని క్లాసులో ఏటా చెప్పేదాన్ని, మెదడు పాఠంలో, బోర్డు మీద రాసి మరీ.

పోటీ రోజు ముగ్గురం పాసింజరు బండి ఎక్కాం. పోస్టరు పొడుగ్గా ఉండటంతో మోయడానికి అబ్బాయిని కూడా రమ్మన్నాను. దాన్ని మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఉంగుటూరు దాటాక అమ్మాయి నా పక్కకు జరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మేడమ్, నిన్న మధ్యాహ్నం అందరికీ చూపిద్దామని ఫోనులో వీడియో తీశానండి. ఒకసారి చూడండి.”

చూశాను. చెంచాతో టక్ టక్. తర్వాత బల్బు. చేపలు టక్ టక్‌కే బయలుదేరాయి.

“తను ముందే చెప్పాడండి. నేనెప్పుడు తట్టానూ అని నవ్వానండి. ఇది చూశాక మళ్లీ చేశానండి. తట్టకుండా బల్బు వేస్తే రెండో మూడో వచ్చాయండి, మెల్లగా. బల్బు వేయకుండా తడితే అన్నీ వచ్చేశాయండి.” ఫోను వెనక్కి తీసుకుంది. “ఏం చేద్దామండీ?”

ఇక్కడ నేనేమన్నానో దాచకుండా రాస్తున్నాను. దాస్తే ఇదంతా రాయడం దండగ.

“ఇవాళ్టికి అనుకున్నదే చెప్పెయ్యమ్మా. ఆ వీడియో చూపించకు. వెళ్లాక మళ్లీ అన్నీ మొదటి నుంచి చేద్దాం” అన్నాను.

“అలాగేనండి” అంది. కిటికీ పక్కన అబ్బాయి వరి చేల వైపు చూస్తున్నాడు. వినపడనంత దూరమేమీ కాదు.

ఏలూరులో ఆ హాలు నిండుగా ఉంది. అమ్మాయి చక్కగా మొదలుపెట్టింది. తొట్టి, బల్బు, పది లెక్కపెట్టడం, అన్నీ వరసగా చెప్పింది. గ్రాఫు దగ్గరకొచ్చి ఆగింది. నీళ్లు తాగింది. నా వైపు చూస్తుందేమోనని తల దించుకున్నాను. తను నా వైపు చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ అబ్బాయి వైపు చూసింది.

“ఈ గ్రాఫు తప్పండి” అంది. “చేపలు వెలుగును నేర్చుకోలేదండి. నా చేతిని నేర్చుకున్నాయండి. మేత వేసే ముందు తొట్టి మీద తడుతున్నానని నాకే తెలీదండి. అది పట్టుకున్నది నేను కాదండి, అదిగో అక్కడ నిలబడ్డ నా క్లాస్‌మేట్. పోస్టరు మీద పేరు లేదు గానీ ఈ పనిలో సగం తనదేనండి.”

ఫోను తెరిచి వీడియో చూపించింది. జడ్జీల్లో ఒక పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని అడిగారు. “మరి మీ గైడ్ ఎవరమ్మా? వారికి తెలుసా ఇది?”

అమ్మాయి నోరు తెరిచింది. నన్ను కాపాడటానికే తెరిచిందని ఈరోజుకీ నా నమ్మకం. అది మాత్రం నేను చూడలేకపోయాను. లేచి నిలబడ్డాను.

“నేనేనండి. అబ్బాయి నాకు ముందే చెప్పాడు, నేను వినలేదు. పొద్దున రైల్లో అమ్మాయి కూడా చెప్పింది. బయటపెట్టొద్దన్నది నేనే.”

పెద్దావిడ అబ్బాయిని దగ్గరకు పిలిచి నోట్‌బుక్కు అడిగి తీసుకున్నారు. భోజనాల వేళ అందరూ తింటుంటే ఆవిడ ఒక మూల కూర్చుని దాన్ని మొదటి పేజీ నుంచి చదివారు. నా సంతకాలున్న పేజీలన్నీ. తిరిగి ఇస్తూ నాతో మెల్లగా అన్నారు: “అమ్మా, తొట్టి చేతులు మారేనాటికి ఈ అబ్బాయి చేపలు కూడా నేర్చుకుంటూ ఉన్నాయి. నిజంగా వెలుగునే నేర్చుకుంటూ వచ్చాయి, నిదానంగా. మీరు పదో రోజు తర్వాత పేజీలు తిప్పినట్టు లేరు.”

తిట్టి ఉంటే బాగుండేది.

బహుమతి రాలేదు. హైదరాబాదు సీటు వేరే కాలేజీ పిల్లకు వెళ్లింది. నిజం చెప్పినందుకు చప్పట్లయితే కొట్టారు గానీ, చప్పట్లు సీటు ఇప్పించవు. సాయంత్రం ఏలూరు ప్లాట్‌ఫాం మీద అబ్బాయిని పక్కకు పిలిచాను. “నిన్ను అనరాని మాట అన్నాను, తప్పు నాది, మనసులో పెట్టుకోకు బాబూ” అన్నాను. ఆలోచించి, తన పద్ధతిలో నిదానంగా, జవాబిచ్చాడు.

“పర్లేదండి మేడమ్. సింకు దగ్గర నించి బాగా కనపడుద్దండి.”

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ప్లాట్‌ఫాం మీద రెండూ ఒకేసారి చేశాను.

బండిలో అమ్మాయి భీమడోలు దాకా బిగపట్టుకుని అక్కడ ఏడ్చేసింది. “మా నాన్నతో ఏం చెప్పాలండీ? సీటు వచ్చినట్టే అని చెప్పేశానండి.” నేనొచ్చి చెబుతానన్నాను. మాట ఇచ్చాక తప్పదు గదా. ఆ ఆదివారం ఫిజిక్స్ మాస్టారు, నేను, అబ్బాయి కలిసి వాళ్ల ఊరు వెళ్లాం.

వాళ్ల నాన్న చెరువు గట్టు మీద ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, చేతులు నీళ్లలో నాని తెల్లబడి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే కంగారుపడ్డాడు.

“ఏవండీ మేడమ్ గారూ, మా పిల్ల ఏవన్నా తప్పు చేసిందాండీ?”

జరిగింది చెప్పాను. సీటు రాలేదని చెప్పాను. తప్పు పిల్లది కాదు, నాదని చెప్పాను. ఆయన అంతా విని, “ఎక్కండి” అని పడవ చూపించాడు. అమ్మాయి కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. చెరువు మధ్యలో కర్రలకు చిల్లుల సంచులు కట్టి ఉన్నాయి. వాటిల్లో తవుడు పోస్తే చేపలు చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. సంచి దగ్గరకు రాగానే ఆయన గెడకర్రతో పడవ అంచు మీద రెండుసార్లు కొట్టాడు. టక్ టక్. ఎప్పుడూ కొట్టే మనిషి కొట్టినట్టు, మాతో మాట్లాడుతూనే. చుట్టూ నీళ్లు కదిలాయి. తవుడు ఇంకా సంచిలో పడనే లేదు.

అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది.

“అలా ఎందుకు కొడతారండీ?” అన్నారు ఫిజిక్స్ మాస్టారు.

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. “మరి పిలవొద్దాండీ? పిలవకపోయినా తింటాయనుకోండి. కానీ మనిషికైనా చేపకైనా పిలవకుండా పెడతామేటండీ, బాగోదు గదండీ. మా పిల్ల ఇంతప్పటి నించీ పడవలో నా పక్కనే కూర్చునేదండి. చిన్న కర్రముక్క ఒకటి దానికీ ఇచ్చేవోణ్ణండి, కొట్టుకుంటుందని.”

మేం గోదావరి జిల్లాల మనుషులం. పిలవకుండా విస్తరి వేయం. కాఫీ తాగుతుంటే ఎదురుగా ఇంకోడు నిలబడితే మనకు గొంతు దిగదు. ఆ పిల్ల అది ల్యాబులోకి కూడా తీసుకొచ్చింది, అంతే. నా ప్రయోగాన్ని చెడగొట్టింది ఒక మర్యాద. ఇంత అందమైన పొరపాటు ఇంకే ల్యాబులోనైనా జరిగిందో లేదో నాకు తెలియదు. ఆ పడవలో కూర్చుని, ఓడిపోయిన మనిషినై ఉండి కూడా చాలా సంతోషపడ్డాను.

దిగేటప్పుడు ఆయన కూతురితో, “సీటుదేవుందమ్మా, నిజం చెప్పావు గదా” అన్నాడు. ఆ మాట రైల్లో నేను అనాల్సింది.

మరుసటి ఏడు అంతా మొదటి నుంచి మొదలుపెట్టాం. ఒక తొట్టికి వెలుగు, ఒకదానికి టక్ టక్, రెండూ కలిపి ఇంకోదానికి. మేత వేసేవాళ్లు ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలి. ఇంకొకరు సింకు పక్కన స్టూలు మీద కూర్చుని చేపల్ని కాదు, మేత వేసే మనిషినే చూస్తూ ఆ చేతులు ఏం చేశాయో రాయాలి. శిక్ష వేయడానికి వాడుకున్న ఆ స్టూలు మా ల్యాబులో అన్నిటికంటే పెద్ద పదవి అయి కూర్చుంది. దాని కోసం పిల్లలు పోట్లాడుకునేవారు. పోస్టరు మీద రెండు పేర్లూ వేశాం. ఈసారి సీటు వచ్చింది. అమ్మాయి హైదరాబాదు వెళ్లి, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లి, ఇప్పుడు మెదడు మీదే పరిశోధన చేస్తోంది. తన చేతి కింద పిల్లలున్నారు. మొదటి రోజు వాళ్లకు చెంచా కథ చెబుతుందట. నన్ను ఎలా చెబుతుందో అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

అబ్బాయి పీజీ చేసి మా కాలేజీకే లెక్చరరుగా వచ్చాడు. నా ఆఖరి పనిరోజున ఆ చిన్న గదిలోకి వెళ్లాను. కొత్త పిల్లలు మేత వేయబోతున్నారు. “మేడమ్, ఎక్కడ కూర్చుంటారండీ?” అని అడిగారు. స్టూలు చూపించాను. అన్నేళ్లలో నేను దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి. నోట్‌బుక్కు ఇచ్చారు. మేత వేస్తున్న పిల్ల చేతులు ఏం చేశాయో ఒక పేజీ రాశాను. చెమట తుడుచుకోవడం, గాజులు వెనక్కి నెట్టుకోవడం, అన్నీ. నిజంగానే అక్కడి నుంచి బాగా కనపడుతుంది.

పూర్తయ్యాక ఆ పేజీ అబ్బాయికి, ఇప్పటి మా కుర్ర లెక్చరరుకు, ఇచ్చాను, సంతకానికి. వాడు పెన్ను తీయలేదు. నిలబడే చదవడం మొదలుపెట్టాడు. మొదటి లైను, రెండో లైను. పిల్లలంతా చూస్తున్నారు. నేను స్టూలు మీదే, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆఖరి లైను దాకా చదివాడు. మళ్లీ పైకి వెళ్లాడు.

“మేడమ్, నాలుగో లైనులో టైము వేయలేదండి.”

వేశాను. అప్పుడు పెట్టాడు సంతకం.